మీకు నిద్రపడితే నాకూ పట్టినట్టే

గంజి ఉండ కట్టకుండా తిప్పుతూ ఉండాలి, ఈ పొద్దుటికి నాకు అప్పగించిన పని అంతే, మిగతాదంతా గుట్ట అవతల క్లినిక్కులో జరుగుతుంది, నేను చూడను. కిటికీ బయట గూతి దిగి ఉంది. మా ముతారే ఊళ్ళో అది వానా కాదు, మంచూ కాదు, రెండిటి మధ్య తేల్చుకోలేని తడి, గోడ మీదా ఆకుకూర మడి మీదా పని లేని చుట్టంలా నిలబడి ఉంటుంది. నిన్న ఆరేసిన దుప్పట్లు ఇవాళా ఆరవు. ఆరకపోతే పోనీ. ఫోను కిటికీ గట్టు మీద పెట్టాను, సిగ్నలు అక్కడొక్కచోటే నిలుస్తుంది. ఏడింటికి క్లినిక్కు తలుపులు తీస్తారు, తీసి మొదటి మనిషి పేరు కంప్యూటర్లో కొడతారు. ఆ పేరు లోపలికి వెళ్ళి కార్డు తెర మీదికి వచ్చిందా, మా ఆయనకి ఉద్యోగం ఉన్నట్టు. తెర మీద చక్రం తిరుగుతూ కూర్చుందా, క్లినిక్కు పెద్ద నర్సు సిస్టర్ చిమ్హుండు బీరువాలోంచి పాత అట్ట కార్డులు తీయిస్తుంది, మిషన్ని గోనెసంచిలో పెట్టి మా ఆయన చేతికిస్తుంది, ఇద్దరూ ఇంటికి వస్తారు. ఇందులో భయపడాల్సిందేదో ఉందని నాకు తెలుసు. భయమే రావడం లేదు, పిలిచినా రాని పిల్లిలా ఏ మంచం కిందో పడుకుని ఉంది.

మా ఆయన్ని షుంబా అంటాను, సింహం అని. పౌరుషం చూసి పెట్టిన పేరు కాదు, వాళ్ళ వంశపు గుర్తు. మా దగ్గర ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు, వంశపు జంతువుతో పిలుస్తారు. మా అక్కయ్యకి చేప దొరికింది, ఆవిడ ఏమీ అనుకోలేదు. ఈ పొద్దున మా సింహం టీ సగం వదిలేసి, గొడుగు తలుపు వెనకే మరిచిపోయి, వ్యాను అందుకోడానికి గేటు దాకా పరుగెత్తింది. వెళ్ళేముందు అడగాల్సింది అడిగాడు, నిద్రపట్టిందా అని. మీకు పడితే నాకూ పట్టినట్టే అన్నాను. నాకు పట్టింది అన్నాడు. అయితే నాకూ పట్టింది అన్నాను. రోజూ ఇదే. మా వాళ్ళు ఇల్లు అంటుకున్నా సరే, ముందు నిద్రపట్టిందా అని అడిగి, జవాబు చెప్పించుకుని, అప్పుడు నీళ్ళ బిందె సంగతి ఎత్తుతారు. ఎదుటివాళ్ళకి పడితేనే నాకు పట్టినట్టు. నిద్ర కూడా ఒకరి పూచీ మీద ఒకరిది. పుస్తకాల్లో రాసుకోవడానికి బాగుంటుంది. నిజానికి నేను రాత్రంతా గోడ వైపు తిరిగి కళ్ళు తెరుచుకుని ఉన్నాను, ఆయన ఆ వైపు గోడకి తిరిగి ఉన్నాడు, ఎలా ఉన్నాడో నాకు తెలియదు. పట్టిందనే అన్నాడు.

"ఆ గరిట తిప్పుడు చూస్తే గంజి మీద కోపమా, నా మీద కోపమా మురోరా?" అంటోంది టెటే బల్ల దగ్గర నుంచి. టెటే అంటే మా ఆయన అక్క. మురోరా అంటే నేను, ఇంటికొచ్చిన కోడల్ని. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు తోడుగా వచ్చింది, అలాగే ఉండిపోయింది. పొద్దున్నే రెండు చిలగడదుంపలు ఉడికించుకుని, టీలో నంచుకుని, మిగతా లోకం ఎలా నడవాలో చెబుతుంది. "గంజి మీదే, టెటే," అన్నాను. "అయితే సరే, వేరుశనగ ముద్ద ఇంకాస్త వెయ్యి, నీ చెయ్యి మరీ పొదుపు. మా తమ్ముడు వెన్నుపూసలు లెక్కపెట్టేలా ఉన్నాడు." వేశాను. వేస్తే ముద్ద కరుగుతూ గంజిలో గోధుమరంగు చారలు తిరుగుతాయి, చిన్నప్పుడు ఆ చారల్లో దారులు వెతికేదాన్ని, ఇప్పుడు అవి చారలే.

ప్రతి సోమవారం ఇదే గోల. అదేమిటో టెటేకి చెప్పబోయి మానేశాను, నాలో నేను చెప్పుకుంటాను, నాకు వినే ఓపిక ఉంది. పేషంట్ల వివరాలన్నీ ఉండే డేటాబేసు ఊరి నడుమ పెద్దాఫీసులో ఉంది, క్లినిక్కు గుట్ట కింద ఉంది. క్లినిక్కు మిషన్లో మా ఆయన ప్రోగ్రాము రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తూ ఉంటుంది. వచ్చిన మనిషికల్లా కొత్తగా లైను కలుపుకుంటూ కూర్చుంటే ఆలస్యమని, లేచినప్పుడే గుప్పెడు లైన్లు కలుపుకుని దగ్గర పెట్టుకుంటుంది. పని పడితే ఒకటి తీసుకోవడం, అయిపోగానే ఉన్నచోట పెట్టెయ్యడం. శనివారం మధ్యాహ్నం ఓపీ కట్టేస్తారు. ఆదివారమంతా ఎవరూ ఏమీ అడగరు. దారిలో కాపలాకి ఒక మిషను ఉంది, ఇంతసేపు ఉలుకూ పలుకూ లేని లైను మనకెందుకని తెంపేస్తుంది. తెంపినట్టు ఈ వైపూ చెప్పదు, ఆ వైపూ చెప్పదు, అదీ దాని పెద్దమనిషి తరహా. సోమవారం పొద్దున ప్రోగ్రాము లైను చేతిలోకి తీసుకుని, మొదటి తల్లి పేరు అందులోకి పంపి, జవాబు కోసం కూర్చుంటుంది. అవతల ఎవరూ లేరు. దానికి ఆ సంగతి తెలియదు. పిలుపులు లేక బెంచీల మీద ఆడవాళ్ళు అలాగే ఉంటారు. నర్సు కార్డు తెర మీద చూసి పేరు గట్టిగా పిలిస్తేనే అక్కడ సందడి. చక్రం తిరుగుతున్నంతసేపూ అది చర్చి.

ఇన్నాళ్ళూ ఆయన చేసిన వైద్యం ఏమిటంటే, సోమవారం తెల్లారే ముందే వెళ్ళి ప్రోగ్రాముని ఆపి మళ్ళీ లేపడం. లేస్తే కొత్త లైన్లు కలుపుకుంటుంది, శుభ్రంగా నడుస్తుంది, ఎవరికీ తెలియదు. నేను ఆస్పత్రిలో ఉన్న వారం వెళ్ళలేకపోయాడు. అప్పుడు తెలిసింది అందరికీ. ఆ తర్వాత సిస్టర్ చిమ్హుండు మిషనున్న గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది. "సోమవారం సోమవారం మంత్రసాని వస్తేనే పుట్టే మిషను నాకొద్దు, నాయనా. నీ పని శనివారంతో అయిపోవాలి. సోమవారం నువ్వు చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడు. ఈసారి ఆగిందో, ఇక అంతే," అందట. ఆయన నాకు చెబుతున్నప్పుడు ఆమె గొంతు కూడా అనుకరించాడు, బాగా వచ్చింది, నవ్వాల్సిన చోట నేను లేచి కంచాలు తీశాను.

సోమవారం కడుపుతో ఉన్నవాళ్ళ రోజు. ఇప్పుడాయన గోడ దగ్గర చేతులు కట్టుకుని వాళ్ళ మధ్యే నిలబడి ఉంటాడు, నేను కూర్చున్న బెంచీ కూడా అక్కడే ఉంటుంది, ఒక కాలు పొట్టి, కూర్చుంటే కుడి వైపుకి ఒరుగుతుంది. అందరం కలిసి ఒరిగేవాళ్ళం. నవ్వేవాళ్ళం. ఒకామె అనేది, కుడికి ఒరిగితే ఆడపిల్ల అని.

"ఓ పొరుగింటావిడా! నిద్రపట్టిందా?"

గోడ మీద మాయి చెనాయి తల. చెనాయి వాళ్ళమ్మ. మా దగ్గర బిడ్డ పుడితే తల్లి పేరు పోతుంది, ఫలానా బిడ్డ తల్లి అయిపోతుంది. నన్ను కూడా ముందుగానే పిలవడం మొదలెట్టారు, ఈ మాయి చెనాయే మొదలెట్టింది, గోడ మీంచి, అచ్చంగా ఇలాగే, మాయి అని, పక్కన మేము అనుకున్న పేరు చేర్చి. ఆ పేరు ఇప్పుడు నేను అనను. తర్వాత నన్నేమని పిలవాలో వీధిలో ఎవరికీ పాలుపోలేదు. అయిపోయిన పేరుతో పిలవలేరు, పాత పేరు మరిచిపోయారు. అందుకని పొరుగింటావిడ, ఇదిగో, ఏమండోయ్.

"మీకు పడితే నాకూ పట్టినట్టే," అన్నాను.

"నాకు భేషుగ్గా పట్టింది. మా ఆయన గురకకి కుక్క లేచి వెళ్ళిపోయింది, నేను మాత్రం లేవలేదు. ఆకుకూర ఏపుగా ఉందే నీది! ఈ గూతి దానికి మంచిదేలే."

"మంచిదే."

"ఊరికే పలకరిద్దామని వచ్చాను. శనివారం మా చెల్లెలి కోసం మగపెళ్ళివారు వస్తున్నారు. పదిమంది అన్నారు, అంటే ముప్ఫై. అందులో పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన ఉన్నాట్ట, కూర్చుంటే మేకకి గండమే."

"పెద్ద గిన్నె కావాలా?"

"అయ్యయ్యో, గిన్నె మాట ఎవరెత్తారు? నేనెత్తానా? ఉండనీ తల్లీ. కంగారేం లేదు." కాసేపు ఆకుకూర వైపు చూసింది. "అయితే, ఖాళీగా ఉంటే..."

"ఇచ్చెయ్ మురోరా! ఆ గిన్నె మనింట్లో ఓటుహక్కు అడిగేలా ఉంది," లోపల్నుంచి టెటే.

ఖాళీగా లేదు, అదే చిక్కు. ఇంటికి బిడ్డ వచ్చే రోజున వచ్చేవాళ్ళకి వండాలని ముందే తెచ్చిపెట్టుకున్నాం. ఈ వీధికంతటికీ అంత పెద్ద గిన్నెలు మూడో నాలుగో, ఎవరింట్లో పని పడితే వాళ్ళింటికి వెళ్ళి, తోమించుకుని, తిరిగి వెళ్తాయి. తిరిగి వెళ్ళకపోతే మరో ఇంట్లో పెళ్ళి ఆగుతుంది. లైన్లూ ఇంతే, తీసుకున్నవాడు పెట్టెయ్యకపోతే వెనకాలవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడాల్సిందే. ఆ తప్పు కూడా ఉండేది మా ఆయన ప్రోగ్రాములో, ఏదైనా మధ్యలో చెడితే లైను పెట్టెయ్యడం మరిచిపోయి వెళ్ళిపోయేది, దాన్ని పోయినేడు పట్టుకుని సరిచేసి, ఎవరేం తీసుకున్నా, చెడినా బాగుపడినా, ముందు తిరిగి పెట్టి మరీ ఏడవాలి అని ఇల్లంతా తిరుగుతూ చెప్పాడు. అప్పుడు మేము చాలా మాట్లాడుకునేవాళ్ళం. గంజి మంట తగ్గించి, సామాన్ల గదిలోకి వెళ్ళి, గిన్నె దించాను. మూత తీశాను. పసుపురంగు ఉన్ని టోపీ, రెండు దుప్పట్లు, టెటే అల్లిన మేజోళ్ళు, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ, ఆవిడకి కొలతలంటే గౌరవం లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నేనే పెట్టాను ఇందులో, మూత బిగువుగా పడుతుందని. తీసి తెచ్చి బల్ల మీద, టెటే టీ పక్కన పెట్టాను. చేతులకి బరువు తెలియలేదు. టెటే దుంప నములుతూ వాటి వైపు చూసి, కిటికీ వైపు చూసి, "మూత గట్టిదైతే పురుగు పట్టదులే," అంది. గిన్నె గోడ మీంచి అందించాను. మాయి చెనాయి రెండు చేతులా అందుకుని, కాస్త మోకాళ్ళు వంచి, ఎందుకో నా మొహం చూడకుండా గిన్నె అడుగు చూసింది. "అబ్బ, ఎంత తళతళలాడుతోందో," అంది. వాడనిది తళతళలాడక ఏం చేస్తుంది.

ఏడు కావస్తోంది. వ్యాను దిగి ఉంటాడు. తడిసి ఉంటాడు.

నెలలు నిండకుండా పోయిన బిడ్డని మా వైపు మగవాళ్ళకి చూపించరు. తండ్రి రాకూడదు. తల్లి లేవకూడదు. పెద్ద ఆడవాళ్ళు తీసుకెళ్ళి ఏటి ఒడ్డున తడినేలలో పడుకోబెడతారు, తడిగా ఉంటే మళ్ళీ కడుపు పండుతుందని, గట్టిగా ఏడిస్తే పండదని. టెటే తీసుకెళ్ళింది. ఏ ఒడ్డునో ఆవిడకి తెలుసు. నేను అడగలేదు, ఆయన అడగలేదు, మేమిద్దరం అడగలేదన్న సంగతి కూడా ఒకరినొకరు అడగలేదు. ఆయన ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాట్ట ఆ పొద్దంతా, మాయి చెనాయి చెప్పింది. నేను లోపల మంచం మీద ఉన్నాను. మర్నాడు పొద్దున ఆయన వచ్చి మంచం పక్కన కూర్చుని, నిద్రపట్టిందా అన్నాడు, మీకు పడితే అన్నాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క పొద్దు కూడా తప్పలేదు. మర్యాదలో మమ్మల్ని వంక పెట్టడానికి లేదు.

అంతకుముందు శనివారం కూడా ఆయన ఒక మందు వేశాడు. లైను తీసుకునే ముందు అది బాగుందో లేదో చూసుకొమ్మని రాశాడు. ఆ సోమవారం మళ్ళీ ఆగింది, మధ్యాహ్నం దాకా ఆగింది, ఆ రోజే సిస్టర్ ఆఖరిమాట చెప్పింది. ఎందుకాగిందో తెలియక ఆయన వారమంతా ఆ తెర ముందు కూర్చున్నాడు. మొన్న శనివారం సాయంత్రం స్నానానికి వెళ్తూ ల్యాప్‌టాప్ వంటింటి బల్ల మీదే వదిలేశాడు, నేను పక్కన వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. బులవాయోలో ఈ కంప్యూటరు చదువు ఇద్దరం ఒకే క్లాసులో చదువుకున్నాం. మార్కులు ఎవరికెక్కువ వచ్చాయో టెటే ముందు చెప్పుకోం. పొట్టు దులుపుకుని చదివాను. లైను తెరిచే ఉందా అని అడుగుతోంది ప్రోగ్రాము, సరే, ఎవర్ని అడుగుతోంది? తన చేతిలో ఉన్న కొసనే అడుగుతోంది. చేతిలో కొస ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాన్నెవరూ మూయలేదు కాబట్టి. అవతలి దాకా వెళ్ళనే వెళ్ళదు ప్రశ్న. బాగున్నావా, బాగున్నాను, నువ్వు బాగుంటే. ఇది ఇంకెవరూ చెయ్యరు, ఈ తప్పు మా వాళ్ళే చెయ్యాలి, నిద్రపట్టిందా అంటే పట్టలేదని చెప్పే మనిషిని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వినని వాడే ఇలా రాస్తాడు. వాణ్ణి కట్టుకున్నదానికే ఇది కనిపిస్తుంది.

ఆ వాక్యం కొట్టేశాను. డేటాబేసుని చిన్న ప్రశ్న అడగమని రాశాను, ఒకటి అను, అంతే, లైను తీసుకున్న ప్రతిసారీ ముందు అది అడగాలి, దారంతా వెళ్ళి అక్కణ్ణుంచి ఒకటి అని జవాబు రావాలి. కొంచెంసేపట్లో రాలేదా, ఆ లైను పోయింది, పారేసి కొత్తది కలుపుకో. కాదని చెప్పే వీలుంటేనే అది ప్రశ్న. ఏ లైనునీ మరీ ముసలిది చెయ్యొద్దు, కాపలావాడు తెంపకముందే మనమే మార్చుకుందాం అని ఇంకొకటి కూడా చేర్చాను. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగింది. వేరుశనక్కాయల దగ్గరికి వచ్చేశాను. ఆయన వచ్చి, తల తుడుచుకుంటూ కూర్చుని, తెర వైపు చాలాసేపు చూశాడు. నా వైపు చూడలేదు. పొట్టు ఒకటి కీబోర్డు మీటల మధ్య పడి ఉంటే తీసి పక్కన పెట్టాడు. ల్యాప్‌టాప్ మూసి క్లినిక్కుకి వెళ్ళాడు. నేను రాసింది ఎక్కించాడో, కొట్టేసి తనది ఎక్కించాడో తెలియదు. అడగలేదు. అడిగితే బాగానే ఉందనేవాడు.

ఏడు దాటింది. చర్చి గంట వినిపించింది, గూతిలో గంట కూడా తడిసినట్టే మోగుతుంది. ఫోను మోగలేదు. గంజి గట్టిపడుతోంది, పాలు పోశాను. ఇప్పుడు మొదటి పేరు కొడుతూ ఉంటారు. ఇప్పుడు ఒక నర్సు వేలు ఆ మీట మీద ఉంటుంది. ఇప్పుడు మా సింహం గోడ దగ్గర ఊపిరి బిగబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. ఉద్యోగం పోతే ఏమవుతుంది, ఈ ఇల్లు ఖాళీ చేసి టెటే వాళ్ళ ఊరికి పోవాలి, అక్కడి పొలం కూడా ఏటి ఒడ్డు పక్కనే, ఇదంతా వేరేవాళ్ళ సంగతిలా తోస్తోంది. టెటే పసుపు టోపీని బల్ల మీద చదును చేస్తోంది అరచేత్తో. చేస్తూనే ఉంది.

ఫోను మోగింది.

"షుంబా," అన్నాను.

అవతల జనం. బోలెడు జనం, చంటిపిల్ల ఏడుపు, ఎవరో ఆడమనిషి పకపకా నవ్వు, బెంచీ ఒరిగి ఉంటుంది. ఆయన ఊపిరి. ఏమయిందని నేను అడగకూడదు, ఏమయిందో ఆయన చెప్పకూడదు, ముందు అడగాల్సింది ఒకటుంది.

"నిద్రపట్టిందా?" అన్నాడు.

మీకు పడితే అనడానికి నోరు తెరిచాను. ఆ మాట నాలిక మీద తయారుగా ఉంది, నేను లేకపోయినా తనంతట తనే వెళ్ళి రాగలిగేంత తయారుగా ఉంది. ఆయన వెనకాల నర్సు గొంతు, గట్టిగా, విసుగ్గా, ఒక పేరు. కుర్చీ జరిగిన చప్పుడు. ఇంకో పేరు. మళ్ళీ ఇంకోటి. పిలుస్తున్నారు. వరసగా పిలుస్తున్నారు. అంటే అక్కడ ప్రశ్న అవతలి దాకా వెళ్తోంది, లేనిచోట లేదని తెలుస్తోంది, పారేసి కొత్తది కలుపుకుంటోంది. ఆయన కొట్టెయ్యలేదు.

"లేదు," అన్నాను.

టెటే చెయ్యి టోపీ మీద ఆగిపోయింది.

అవతల ఏమీ లేదు. జనం ఉన్నారు, ఆయన లేడు. ప్రోగ్రాములో ఎంతసేపు ఆగమని రాశానో గుర్తుంది, అంతసేపు అయిపోయింది, ఇంకా అయిపోతోంది, నేను పెట్టెయ్యలేదు.

"పట్టలేదు నాకు," అన్నాను. "ఆ రోజు నుంచీ."

"షువాయి," అన్నాడు. అది నా పేరు. నాకు అమ్మా నాన్నా పెట్టింది. ఎన్నాళ్ళకో ఎవరో ఆ పేరుతో పిలిచారు. ఆయన గొంతు కొత్తగా ఉంది, ఇప్పుడే కలిపినట్టు. "నాకూ పట్టలేదు."

"రోజూ పట్టిందన్నారు."

"నాకు పడితేనే నీకు పట్టినట్టు అంటే ఏమనను? నీ నిద్ర నేను చెడగొట్టనా?"

ఇంకో పేరు పిలిచారు వెనకాల. సిస్టర్ చిమ్హుండు గొంతు కాబోలు, ఏం చేశావయ్యా దీనికి అని అడుగుతోంది, ఆయన ఫోను కాస్త పక్కకి పెట్టి, మా ఆవిడ దీనికి పలకరించడం నేర్పిందండీ అని చెప్పడం వినిపించింది. మళ్ళీ ఫోను దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్ళు మండుతున్నాయి, పొగ అనుకున్నాను. నిజంగానే పొగ, గంజి అడుగంటింది.

"ఏ ఒడ్డునో అక్కని అడుగుదామా," అన్నాడు, చాలా నెమ్మదిగా. "సాయంత్రం వెళ్దాం, ఇద్దరం."

టెటే లేచి వచ్చి, నా చేతిలోంచి గరిట తీసుకుని, స్టవ్ కట్టేసి, మాడిన గిన్నెలోకి తొంగి చూసింది. ఏమీ అనలేదు. ఆ పొద్దున జరిగినవాటిలో నాకిప్పటికీ నమ్మబుద్ధి కానిది అదొక్కటే.